ఖాళీ దినం

అత్త పోయిందని ఖరగ్‌పూర్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ముందు ఏడవలేదు. గోడ మీద కేలండరు వైపు చూశాను. మా ఇంట్లో వేలాడేది సంఘంలో ఏటేటా పంచే వాక్యాల కేలండరు. అందులో కథోలికులు కొలిచే పునీతుల పేర్లూ, వాళ్ళ పండగ దినాలూ ఉండవు. అయినా కళ్ళు అటే పోయాయి. ఆవిడని ఎరిగినవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు.

"ఇవాళ ఎవరి పండగరా?" అని అడిగాను.

"అదే అక్కా, మేవూ సూసినాం. ఎవులదీ కాదు. ఖాళీ దినం," అన్నాడు అవతలివాడు.

ఇద్దరం నవ్వేశాం. చావు కబురు చెప్పేవాడూ, వినేదాన్నీ. ఆ నవ్వు ఆగాక వచ్చింది నాకు ఏడుపు.

ఆవిడ మాకు రక్తసంబంధం కాదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా పక్కిల్లు. మా తాతల కాలంలోనే రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి అక్కడ పడ్డాయి. వాళ్ళు కథోలికులు. మాది బాప్తిస్తు సంఘం. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, ఆదివారం సంఘపెద్ద. ఆయన ఆవిడని, మా వైపు అక్కని పిలిచినట్టు, 'అప్పా' అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. మా క్వార్టర్ల లైనులో మిగతావాళ్ళు ఎదురుగా పిన్ని అనేవారు, వెనకాల కేలండరమ్మ అనేవారు. ఆ రెండో పేరు ఆవిడకి తెలుసు. తెలిసి, కాస్త గర్వపడేది కూడా.

పొట్టి మనిషి. నడిచేటప్పుడు ఎడమచెయ్యి నడుం మీద ఉండేది. ఎంత పనిలో ఉన్నా, చేపలు కడుగుతున్నా, పిడకలు చరుస్తున్నా, పునీతుడి పేరెత్తాల్సి వస్తే ముందు కుడిచెయ్యి కొంగుకి తుడుచుకునేది. తుడుచుకోకుండా ఒక్కసారి కూడా ఆ పేరు నోట రాలేదు. కొంగు అంచు ఎప్పుడూ తడిగానే ఉండేది.

అత్త లెక్కలో ఏడాదికి దినాలు రెండు రకాలు. పునీతులున్న దినాలు, ఖాళీ దినాలు. కథోలిక సంఘం పట్టికలో దాదాపు ప్రతిరోజుకీ ఎవరో ఒకరి పేరు ఉంటుందని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆ మాట చెబితే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఉంటే ఉండనీ. కత తెలీని పునీతుడు నాకు సుట్టం కాడు. దారిలో ఎదురైతే దండం ఎడతాను, అంతే."

కథ తెలిసినవాళ్ళు మాత్రం ఆవిడకి నిజంగా చుట్టాలే. ఏ దేశంవాళ్ళో, ఎన్ని వందల ఏళ్ళ నాటివాళ్ళో ఆవిడకి పట్టేది కాదు. నిన్నగాక మొన్న గోల్ బజారులో కలిసినట్టు మాట్లాడేది. మామిడికాయ అంతోని వారి దినం దాటితే ఊరగాయకి పనికిరాదు. ఉన్ని రగ్గులు లూసమ్మ దినానికి ఎండలో పడాలి. నేను పుట్టింది లారెన్సు వారి దినాన. మా అమ్మకి తారీఖు గుర్తులేకపోతే అత్తనే అడిగేది.

లారెన్సు వారిని ఇనప కమ్మీల మీద కాల్చి చంపారట. అందుకని ఆ రోజు అత్త పొయ్యి వెలిగించేది కాదు. ముందురోజు వండి గంజి పోసి ఉంచిన చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ. నా పుట్టినరోజున మా ఇంట్లో పరవాన్నం చేసినా నేను మాత్రం ఆవిడ వరండాలో కూర్చుని ఆ చద్దన్నమే తినేదాన్ని.

"అంత బాద పడినాయనకి మనం ఇంకో నిప్పు సూపించడం ఎందుకే?" అనేది ముద్ద కలుపుతూ.

ఖాళీ దినాలు వేరు. ఆ రోజుల్లో దుప్పట్లు ఉతికేది, వరండా ఫినాయిలు పోసి కడిగేది, పేలు చూసేది, బాకీపడ్డ పోట్లాటలన్నీ పోట్లాడేది. "ఇయ్యాల మనకి పైన ఎవులూ నేరు. మన పని మనవే సూసుకోవాల," అనేది కొంగు బిగించి. చిన్నప్పుడు నాకు ఆ దినాలంటే భయంగా ఉండేది. ఆకాశంలో డ్యూటీవాళ్ళు అందరూ సెలవు పెట్టినట్టు అనిపించేది.

మా నాన్నకి ఇదంతా నచ్చేది కాదు. ఆయనకి వాక్యం కంఠతా వచ్చు. దేవుడికీ మనిషికీ నడుమ నిలబడేవాడు ప్రభువొక్కడేనని, చచ్చిపోయిన మనుషుల్ని మధ్యలో పెట్టడం తప్పని, పిట్టగోడకి ఇటు నిలబడి అటువైపు బోధించేవాడు. అత్త కూర తరుగుతూ వినేది. ఆ వినడంలో ఎగతాళి ఉండేది కాదు. అయితే తరగడమూ ఆగేది కాదు.

"పరిశుద్దులంటే చచ్చినోలు కాదప్పా," అన్నాడు ఒకసారి. "ఇశ్వసించినోలందరూ పరిశుద్దులే. బతికున్నోలే. నువ్వూ, నానూ కూడాను."

అత్త కత్తిపీట మీంచి తలెత్తింది. "నువ్వా తమ్ముడూ?"

"మరేటి?"

"అయితే నీ పండగ ఎప్పుడు? ఆ దినాన ఏటి వండాల?"

మా అమ్మ లోపల నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పడేసింది. నాన్న సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన్ని ఆవిడ ఒకసారి మాత్రం చేతికి చిక్కించుకుంది. బెంగాల్లో బతికేవాడికి చేపముల్లు తప్పదు. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇలిశ్ చేప పులుసు తింటుంటే నాన్నకి గొంతులో ముల్లు దిగింది. కళ్ళలో నీళ్ళు, నోట మాట లేదు. అమ్మ కేక విని అత్త వచ్చింది, చేతిలో ఎర్ర రిబ్బనుతో అడ్డంగా కట్టిన రెండు కొవ్వొత్తులతో. ముల్లు మింగి చావబోతున్న ఒక పిల్లవాణ్ణి పూర్వం బ్లేసు వారు బతికించారు. ఆయన దినాన, ఫిబ్రవరి మొదట్లో, చర్చిలో ఫాదరు అందరి గొంతులకీ ఆ కొవ్వొత్తులు ఆనించి దీవిస్తారు. అత్త ఒక జత ఇంటికి తెచ్చుకుని ఏడాది పొడుగునా దాచేది. మా లైనులో తెలుగుపిల్లలూ, బెంగాలీ పిల్లలూ ఆ కొవ్వొత్తుల కింద గడ్డం ఎత్తనివాళ్ళు లేరు.

నాన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అత్త ఆ చేతుల్ని పక్కకి తోసి కొవ్వొత్తులు గొంతుకి ఆనించి, "ఇప్పుడు అన్నం ముద్ద నమలకుండా మింగు," అంది. మింగాడు. ముల్లు దిగిపోయింది.

మాట రాగానే నాన్న అన్న మొదటి మాట: "ముద్ద మింగితే ఎల్లింది."

"అవును. ముద్ద మింగమని ఎవులు సెప్పినారు?"

"నువ్వే."

అత్త కుడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. "నాకెవులు సెప్పినారు?"

లూసమ్మ దినం డిసెంబరులో. ఆ రోజు అత్త ఇంటికి ఇంజను డ్రైవర్లు వచ్చేవారు. రైలు నడిపేవాళ్ళకి కళ్ళ పరీక్ష గండం లాంటిది. చూపు తగ్గిందని తేలితే ఇంజను దిగిపోవాలి. లూసమ్మ కళ్ళని కాపాడే పునీత, బొమ్మలో ఒక పళ్ళెంలో రెండు కళ్ళు పెట్టుకుని నిలబడి ఉంటుంది. అది విని, నుదుట బొట్టున్న శ్రీకాకుళం డ్రైవర్లు కూడా కొవ్వొత్తి పట్టుకుని వచ్చి అత్త వరండాలో నిలబడేవారు. ఆవిడ ప్రార్థన చేసి పంపేటప్పుడు ప్రతివాడికీ ఒకటే చెప్పేది.

"పరీచ్చలో నెగ్గించమని అడిగినాను. ఎర్ర సిగ్నలు కాడ బండి ఆపడం మాత్రం లూసమ్మ సెయ్యదు. అది నువ్వే సెయ్యాల."

ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ మతమంతా ఆ మాటలోనే ఉంది.

ఇక రోకు వారి సంగతి. ఆయన బొమ్మ అత్తకి సౌత్ సైడు బంగళాల్లో ఆవిడ పనిచేసిన ఇంటి ఆంగ్లో ఇండియన్ దొరసాని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇచ్చింది. అడుగున్నర ఎత్తు సున్నపు బొమ్మ. ఒక బాటసారి, చేతిలో కర్ర. అంగీ పైకెత్తి తొడ మీద పుండు చూపిస్తుంటాడు. కాళ్ళ దగ్గర ఒక కుక్క, నోట్లో రొట్టె. కుక్క చెవి ఒకటి విరిగిపోయింది.

"ఇగ్రహం ఎట్టుకోవడమే తప్పు. అందులో తొడ సూపించే ఇగ్రహం!" అనేవాడు నాన్న.

"పుండు దాసుకుంటే మానుతాదేటి తమ్ముడూ?"

ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. రోకు వారు పెద్దింటి బిడ్డ. ఆస్తి పంచేసి యాత్రకి బయల్దేరాడు. దారిలో ఊళ్ళన్నీ ప్లేగుతో శ్మశానాలవుతుంటే ఆగి రోగులకి సేవ చేశాడు. చివరికి ఆయనకే తగిలింది. తనవల్ల ఇంకొకరికి అంటుతుందని అడవిలోకి పోయి పడుకున్నాడు. అక్కడికి ఒక కుక్క రోజూ యజమాని బల్ల మీంచి రొట్టె తెచ్చి ఇచ్చి, ఆయన పుండు నాకింది. ఆ కుక్క దగ్గరికి వచ్చేసరికి అత్త గొంతు మెత్తబడేది. "మడుసులు తలుపులేసుకున్నారే. కుక్కొచ్చింది," అనేది.

ఆయన పండగ ఆగస్టు పదహారు. జెండా పండగ మర్నాడు. ఆ రోజు పొద్దున్నే అత్త, సైకిలు మీద రేకు పెట్టె కట్టుకుని వచ్చే బెంగాలీ రొట్టెల దాదా దగ్గర పావురొట్టెలు తీసుకుని వరండా మెట్ల మీద కూర్చునేది. ముందు వీధికుక్కలకి. అవి తిని తోకలూపుతూ పోయాకే పిల్లలకి, పెద్దలకి. ఎవరైనా పిల్లవాడు తొందరపడి చెయ్యి చాపితే వేళ్ళ మీద ఒకటి వేసేది. "ముందు వాటికి. ఆకలేసినప్పుడు మనకి తెచ్చి ఎట్టింది అవే." మా సంఘంలో దానికి కుక్కల పండగ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది మా నాన్నే.

ఆ కుక్కల్లో ఒకటి కుంటిది, తెల్లగా ఉండేది, అత్త దాన్ని 'దొరా' అని పిలిచేది. అది ఆవిడ గుమ్మం వదిలేది కాదు.

సూరత్‌లో ప్లేగు అన్న వార్త వచ్చింది తొంభై నాలుగు సెప్టెంబరు ఆఖర్లో. లైనులో దుర్గాపూజ పందిరికి వెదుళ్ళు కడుతున్నారు. రైళ్ళలో జనం పారిపోయి వస్తున్నారని రేడియోలో చెప్పారు. మాది రైళ్ళు కలిసే ఊరు. ఎక్కడి భయమైనా ముందు మా ప్లాట్‌ఫారం మీదే దిగుతుంది. మొహాలకి రుమాళ్ళు వచ్చాయి. మందుల షాపుల్లో ప్లేగుకి వాడే గొట్టం మాత్రలు అయిపోయాయి.

అప్పుడే మా లైను చివరింటి కుర్రాడు సూరత్ నుంచి వచ్చాడు. తండ్రి లేడు. తల్లి మా సంఘపు మనిషి, డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో వంట చేసేది. వాడు సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేసేవాడు. బండి దిగేసరికే ఒళ్ళు కాలిపోతోంది. ఆరోగ్యశాఖవాళ్ళు వచ్చి గుమ్మం చుట్టూ తెల్లపొడి చల్లి, రక్తం తీసుకుని, రిపోర్టు వచ్చేదాకా తల్లీకొడుకులు బయట అడుగు పెట్టొద్దని చెప్పి పోయారు. తల్లిని పనిలోకి రావద్దన్నారు. ఆవిడ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వస్తే లైను లైనంతా అరిచింది. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది.

వారానికొకరి ఇంట్లో జరిగే ప్రార్థన రాబోయే శుక్రవారం వాళ్ళింట్లోనే జరగాలి. నాన్న ముందే దాన్ని చర్చికి మార్చాడు.

మర్నాడు పొద్దున ఆ తల్లి కిటికీ దగ్గర నిలబడి, "ఎవులైనా ఒక బిందెడు నీళ్ళు అక్కడెట్టండమ్మా, నాను తీసుకుంటాను," అని పిలుస్తోంది. వరండాల్లో అందరం ఉన్నాం. ఎవరూ కదల్లేదు. నాన్న డ్యూటీకి సైకిలు దింపుతూ కిటికీ వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "ప్రార్దన సేస్తన్నామమ్మా! రిపోర్టు రానీ!"

అప్పుడు పక్కింట్లోంచి అత్త దిగింది. ఒక చేతిలో నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో అన్నం కేరియరు. దొర వెనకాల కుంటుకుంటూ. రొట్టెల దాదా అప్పుడే వచ్చాడు. ఆవిడ ఎటు వెళ్తోందో చూసి సైకిలు అడ్డం పెట్టాడు. "దీదీ, ఓ బాడీతే జాబేన్ నా," అని బతిమాలాడు, ఆ ఇంటికి వెళ్ళొద్దని.

"దాదా, తుమి రుటీ దావ్," అంది అత్త. నువ్వు రొట్టె ఇవ్వు, చాలు.

నాన్న ఉండబట్టలేకపోయాడు. "ఏటప్పా, కుక్కల పండగ అయిపోనాది కదా. ఇయ్యాల ఎవరి పండగ?"

అత్త బకెట్టు కింద పెట్టింది. కుడిచెయ్యి కొంగు దాకా వెళ్ళి ఆగిపోయింది. తుడుచుకోలేదు.

"ఎవులదీ కాదు తమ్ముడూ. ఇయ్యాల ఖాళీ దినం. ఎవులూ నేరు. అందికే నానెల్తన్నాను."

వెనక నుంచి అత్త కోడలు అరిచింది, నెలల పిల్లని ఎత్తుకుని. "అత్తా! ఇంట్లో సంటిబిడ్డుంది. ఆ గుమ్మం ఎక్కినావంటే మళ్ళీ ఇటు రాకు!"

కోడలి మాటలో తప్పు లేదు. అత్త కూడా తప్పు పట్టలేదు. "ఠీక్ హై. రాను. నా తలగడ ఇటు ఇసిరీ," అంది.

తలగడ వచ్చి రోడ్డు మీద పడింది. దాన్ని చంకలో ఇరికించుకుంది.

"మీ సామిని కూడా అట్టుకెల్లండి వదినా, కాపాడతాడు," అంది మా అమ్మ. వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే అంది.

"ఆయనకేటి పని? ఆయన సెయ్యాల్సింది ఆయన సేసీసినాడు," అంటూ అత్త ఆ ఇంట్లోకి వెళ్ళిపోయింది. దొరని లోపలికి రానివ్వలేదు. అది మెట్టు మీద కూర్చుండిపోయింది.

నాన్న ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చాడు. అన్నం ముందు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. సంఘపెద్దగా ఎన్నో ఏళ్ళు రోగుల ఇళ్ళకి వెళ్ళిన మనిషి ఆయన. ఇంట్లో నేనూ, తమ్ముడూ ఉన్నాం. ఆ భయం భయమే. ఆయన పిరికివాడు కాడని నాకు తెలుసు. అయితే ఆ ఇంట్లో ఉన్నది తన మందలో మనిషి. లోపలికి వెళ్ళింది మాత్రం, తాను ఇన్నేళ్ళూ పిట్టగోడ మీంచి బోధించిన మనిషి.

ఇంకో రోజు గడిచింది. ఆ ఇంట్లో బియ్యం అయిపోయి ఉంటాయని మా అమ్మ లెక్కేసింది. నాన్న ఒక ఉపాయం ఆలోచించాడు. రొట్టెల దాదా దగ్గర రెండు పావురొట్టెలు తీసుకున్నాడు. బిస్కెట్టు చూపించి దొరని మా మెట్ల దాకా రప్పించాడు. ఒక రొట్టెని గుడ్డలో చుట్టి దాని మెడకి కట్టాడు. "ఎల్లు. అమ్మ కాడికెల్లు," అని చివరిల్లు చూపించాడు.

లైను మొత్తం వరండాల్లోకి వచ్చింది. రోకు వారి బొమ్మ గూట్లోంచి దిగి మా ముందు నడుస్తున్నట్టు అనిపించింది నాకు. అదే కుక్క, అదే రొట్టె. ఆ మాట నాన్నతో అనే ధైర్యం ఎవరికీ లేదు.

దొర సగం దారి బుద్ధిగా వెళ్ళింది. తర్వాత ఆగింది. కూర్చుంది. మెడ వంచి గుడ్డ మూట పళ్ళతో చింపి, రోడ్డు మధ్యలో ఆ పావురొట్టెని నిదానంగా, ఒక్క ముక్క మిగలకుండా తినేసింది.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. రుమాళ్ళ వెనకనుంచి, తలుపుల చాటునుంచి నవ్వులు. అన్ని రోజుల భయం తర్వాత మా లైనులో వినిపించిన మొదటి నవ్వు అది. చివరింటి కిటికీలో అత్త మొహం కనబడింది. ఆవిడా నవ్వుతోంది.

"దాని తప్పు నేదు తమ్ముడూ! ముందు కుక్కకి ఎట్టాలని నానే నేర్పినాను. దాని వంతు అది తినీసింది," అని కేకేసింది. తర్వాత నాన్న వైపు చూసి, "మరి మడుసుల వంతు ఎవులు తెస్తారు?" అంది.

నాన్న చేతిలో రెండో రొట్టె ఉంది. వర్క్‌షాపు సైరను మోగింది. ఆయన సైకిలు వైపు చూశాడు, మా వైపు చూశాడు. తర్వాత నడిచాడు. దొరని దాటాడు, తెల్లపొడిని దాటాడు. మెట్టు మీద రొట్టె పెట్టి వచ్చేస్తాడని అమ్మ అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆయన మెట్టు దగ్గర చెప్పులు విడిచాడు, ప్రార్థనకి వెళ్ళినప్పుడు విడిచినట్టే. లోపలికి వెళ్ళాడు.

"ఏవండీ!" అని అమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కాసేపటికి లోపలినుంచి పాట వినిపించింది. నాన్న గొంతు మోటుగా ఉండేది, శ్రుతి తెలీదు. దానితో ఆ తల్లి గొంతు కలిసింది. తర్వాత మూడో గొంతు, మా పాటలు రాని గొంతు, పదాలు లేకుండా వరస మాత్రం పట్టుకుని వెనకాల వచ్చింది.

చివరికి శుక్రవారం ఇంటి ప్రార్థన ఆ ఇంట్లోనే జరిగింది. లోపలికి వెళ్ళినవాళ్ళు కొద్దిమంది. మిగిలినవాళ్ళు రోడ్డు మీద చాపలేసుకుని కూర్చున్నారు. రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. మలేరియా. పూజ డప్పులు మొదలయ్యేసరికి కుర్రాడు లేచి వరండాలో కూర్చున్నాడు. అత్త తలగడ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. కోడలు బిడ్డని ఆవిడ చేతిలో పెట్టి ఏడ్చింది. "ఏడుపెందుకే? నువ్వు తలుపేసినావు కాబట్టి నాను దిగులు నేకుండా అక్కడ పడుకున్నాను," అంది అత్త.

ఇది ఇంతటితో అయిపోయిందనుకున్నాం.

మరుసటి ఏడు సెప్టెంబరు ఆఖర్లో ఒక పొద్దున అత్త మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె, మూత తీస్తే మెత్తళ్ళ ఇగురు. నాన్నకి ప్రాణం అది. ఇంకో చేతిలో పావురొట్టె. రొట్టె చివర తుంచి ముందు దొరకి వేసింది. తర్వాత కుడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"ఇదేటప్పా?" అన్నాడు నాన్న.

"నీ పండగ. నిరుడు ఇయ్యాలే ఆ గుమ్మం ఎక్కినావు."

నాన్న మొహం ఎర్రబడింది. "తప్పప్పా. అలా అనకు. మడుసులకి పండగలేటి? నానేటి సేసినాను? ముందెల్లింది నువ్వు."

"నా సంగతి నాకు తెల్దు. నీ కత నాకు తెలుసు. కత తెలిసినోడు సుట్టం."

"బతికున్నోడికి పండగ సేస్తారేటి ఎక్కడైనా?"

"నువ్వే కదా సెప్పినావు, బతికున్నోలే పరిశుద్దులని. ఏటి వండాలని ఆనాడే అడిగినాను. నువ్వు సైకిలెక్కి ఎల్లిపోనావు."

నాన్న చేతులు కడుక్కున్నాడు. పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఇగురులో రొట్టె ముంచుకుని, తల దించుకుని తిన్నాడు. అత్త నడుం మీద చెయ్యేసుకుని, ఆయన తినడం అయ్యేదాకా నిలబడింది. ఆ తర్వాత నాన్న ఉన్నన్నాళ్ళూ ఏటా ఆ గిన్నె వచ్చింది. ఆయన ఒక్కసారీ ఒప్పుకోలేదు, ఒక్కసారీ తినకుండా లేవలేదు. ఆవిడ పట్టీలో ఆ దినం మళ్ళీ ఎప్పుడూ ఖాళీ దినం కాలేదు.

నేను ఇప్పటికీ పునీతుల్ని ప్రార్థించను. ప్రభువు పేరట అడగడం ఒక్కటే నాకు నేర్పారు, అదే చాలు. కాని ప్రార్థన ముగించి ఆమేన్ అన్న ప్రతిసారీ ఆ కిటికీ కనబడుతుంది. మరి మనుషుల వంతు ఎవరు తెస్తారు అన్న కేక వినబడుతుంది. లేచి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాల్సి వస్తుంది.

ఫోను చేసినవాడు ఆ సూరత్ కుర్రాడే. ఇప్పుడు వాడికీ జుట్టు నెరిసింది. ఖరగ్‌పూర్‌లోనే ఉన్నాడు. మర్నాడు అత్త పెట్టె ముందువైపు వాడే మోశాడట. కథోలికుల శ్మశానంలో మా సంఘంవాళ్ళూ నిలబడి పాడారట, పదాలు తెలియనివాళ్ళు వరస మాత్రం పట్టుకున్నారట.

ఆ రోజు ఫోనులో నా ఏడుపు తగ్గేదాకా వాడు ఆగాడు. తర్వాత అన్నాడు.

"అక్కా, ఒకటి అడుగుతాను. వచ్చే ఏడు నుంచి ఈ దినానికి ఏటి వండాల?"

 ఆవిడకి ఏం ఇష్టమో మాలో ఎవరికీ తెలీదు. ఎప్పుడూ మా ఇష్టాలే వండింది.

"ఏమీ వండొద్దురా. పావురొట్టె తీసుకో," అన్నాను. "ముందు..."

"ముందు కుక్కలకి," అన్నాడు వాడు. "తెలుసక్కా. ఇయ్యాలే ఎట్టీసినాం."